ప్రింటర్‌లోంచి మాయమైన పట్టికలు

“నా కన్నుగప్పే నేరస్థుడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. పుట్టినా పాలు మానేలోపే పట్టేస్తాను,” అని ప్రకటించి, యజమానిగారి బావమరిది నల్లకళ్లద్దాలు తీయకుండానే ఆఫీసులోకి వచ్చి స్టూలు తన్నుకున్నాడు.

అట్టపెట్టెల కంపెనీ అది. టైపిస్టు ప్రింటుకు పంపిన ధరల పట్టికలు వారంనుంచి బయటికి రావడం లేదు. యజమానికి హ్యాకర్లంటే హడలు. ఎన్ని కంపెనీలు వాళ్ల బారిన పడుతున్నాయో టీవీలో విన్ననాడే కంప్యూటర్ గదికి రెండు తాళాలు వేయించాడు. ఆ తాళాలు తీసేది టైపిస్టు ఒక్కతే. సాయంత్రంలోగా దొంగ దొరక్కపోతే రేపటినుంచి రావద్దని ఆమెకు చెప్పేశాడు. ఆమె మధ్యాహ్నం అన్నం తినలేకపోయింది.

బావమరిది వేలిముద్రల కోసం కీబోర్డు నిండా ముఖానికి రాసే పౌడరు చల్లాడు. దొరికినవన్నీ అతనివే. తర్వాత అందరి పాస్‌వర్డులూ ఎంత గట్టివో చూస్తానన్నాడు. ఎనిమిదిమందీ అడగ్గానే చెప్పేశారు. ఆరుగురిది ఒకటే: కంపెనీ పేరు, పక్కన ఒకటి రెండు మూడు. అవన్నీ సాక్ష్యాలంటూ నివేదికలోకి ఎక్కించాడు. పైన ‘పరమ రహస్యం’ అని పెట్టి, ఒంటివేలితో గంటసేపు కొట్టి, ప్రింటు నొక్కాడు.

టైపిస్టు అతని భుజం మీదుగా చదివింది. ‘ముఖ్య నేరస్థురాలు: టైపిస్టు. ఆధారం: అస్సలు మాట్లాడదు.’

“ఇప్పుడైనా ఏమైనా చెప్పుకుంటావా అమ్మాయ్?”

“ప్రింటు రాలేదండీ,” అందామె.

అతను మళ్లీ నొక్కాడు. అలా పదకొండుసార్లు నొక్కి, హ్యాకర్ తనకు జడిసి దాక్కున్నాడని యజమానికి వివరించాడు. యజమాని గడియారం చూసి, టైపిస్టును తాళంచెవులు ఇమ్మన్నాడు. ఆమె కొంగుముడి విప్పుతుండగా కింది అంతస్తులోని పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే నర్సు కాగితాల కట్టతో పైకొచ్చింది.

“వారంనుంచి మీ కాగితాలు మా ప్రింటర్‌లో పడుతున్నాయండీ. ప్రకటనలేమో అనుకుని వెనకవైపు టోకెన్ నంబర్లు వేసుకుంటున్నాం. ఇదొక్కటే చదవబుద్ధేసింది. పేషెంట్లందరూ పంచుకుని చదివారు. ఎవరండీ పాపం ఈ నేరస్థురాలు?”

విషయం తేలడానికి రెండు నిమిషాలు పట్టింది. గుర్తుండదని వైఫైకి పాస్‌వర్డు పెట్టనివ్వనిది యజమానే. ఆ వైఫైనే వాడుకుంటున్న క్లినిక్కువాళ్లు పోయిన వారం సరిగ్గా ఇలాంటి ప్రింటరే కొన్నారు. కంపెనీ కంప్యూటర్ దాన్నే తమ ప్రింటరనుకుని కాగితాలన్నీ అటు పంపింది. ఇన్నాళ్లూ హ్యాకర్ అనేవాడే లేడు. కంపెనీ పాస్‌వర్డులు మాత్రం ఇప్పుడు పళ్లనొప్పితో వచ్చిన ప్రతివాడి చేతిలోనూ ఉన్నాయి.

యజమాని నివేదికలో తన పాస్‌వర్డు కూడా చూసుకుని, టైపిస్టు ఇచ్చేసిన తాళంచెవులు తిరిగి ఆమె బల్లమీదికి నెట్టాడు. “అమ్మా, ముందు అన్నీ మార్చెయ్. వైఫైకి కూడా పెట్టు. ఎవరికీ చెప్పకు, నాక్కూడా.”

“నేరం బయటపడాలనే కదా పదకొండుసార్లు నొక్కాను,” అని బావమరిది కళ్లద్దాలు సర్దుకుని, పుస్తకం తెరిచాడు. “కొత్తవి ఒక్కొక్కటే చెప్పమ్మా, కేసు ఫైల్లో రాసుకోవాలి.”

టైపిస్టు పౌడరు దులిపి, స్క్రీన్‌ను గోడవైపు తిప్పుకుని, హాయిగా టైపు చేయసాగింది.