నీళ్లలో నాలుగు వందల పన్నెండు ఇళ్లు

ఆ ఉదయం షాజియా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటిలోగా గుండ్లరేవు ఫైలు ముగించాలి. సాయంత్రానికి ఉద్యోగం పర్మనెంటు చేయించుకోవాలి. ఆరు నెలలుగా వనపర్తిలోని ఇంట్లో, వంటింటి పక్క గదిలో కూర్చుని ఆమె ఒక హైదరాబాద్ కంపెనీకి నాలెడ్జ్ గ్రాఫ్ కడుతోంది. అంటే కంప్యూటరుకు ఊళ్ల చుట్టరికాలు నేర్పడమన్నమాట. ఈ బడి ఈ ఊరిది, ఈ ఊరు ఆ మండలానిది అని గీతలు గీసి కలపాలి. ఒకే పేరుతో రెండు ఊళ్లు తగిలితే అవి రెండా, ఒకటేనా అని తేల్చాలి.

గుండ్లరేవులు రెండు తగిలాయి. పాత కాగితాల్లోని గుండ్లరేవు కృష్ణ ఒడ్డున ఉంది. కొత్త లెక్కల్లోని గుండ్లరేవు తొమ్మిది కిలోమీటర్ల ఇవతల, రోడ్డు పక్కన ఉంది. ముందురోజు ఆమె దాదీని అడిగింది. దాదీ, అంటే నాన్నమ్మ తాజ్‌బీ, ఆ ఊరి మనిషే.

"దాదీ, పాత గుండ్లరేవు, కొత్త గుండ్లరేవు రెండా, ఒకటేనా?"

"రెండేంది బిడ్డా? ఊరొక్కటే. డ్యాం నీళ్లొస్తే మేం లేచొచ్చినం. గంతమాత్రాన ఊరు మారుతదా?"

పెద్దల మాట చద్దిమూట అనుకుని షాజియా రెండింటినీ ఒకటి చేసేసింది. మ్యాపు చూడలేదు. ఇవాళ తెల్లారగానే దాదీ టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏదో చెప్పింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న షాజియా తలూపింది.

కంప్యూటరు కొత్త కోడలిలాగా చెప్పింది చెప్పినట్టు చేసింది. పాత ఊరి చోటు, కొత్త ఊరి వివరాలు తీసుకుని కలిపింది. బడి, రేషన్ దుకాణం, నాలుగు వందల పన్నెండు ఇళ్లు కృష్ణ నీళ్ల నడిమధ్యకు చేరాయి.

పది గంటలకు ఫోను మోగింది. గద్వాలలో దుప్పట్ల దుకాణం నడిపే బాబాయి, యాసిన్ చిచ్చా, ఏడుస్తున్నాడు.

"షాజియా! మన ఊరు మునిగిందంటనే!"

"అది మునిగి నలభై ఏండ్లయింది గద చిచ్చా."

"ఇయ్యాల మునిగింది! ఫోన్ల మెసేజొచ్చింది! నేను మీ ఇంటి దిక్కే వస్తున్న!"

మే నెల. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. షాజియా ఆ మెసేజు చూసింది. 'గుండ్లరేవు నీటిలో ఉంది. 412 ఇళ్లు. సహాయం అవసరం.' పంపింది తన కంపెనీయే. గ్రాఫులోని వివరాలు చూసి ఆ ఊరివాళ్ల ఫోన్లకు హెచ్చరికలు పంపే ఏర్పాటును ఈ వారమే పరీక్షకు పెట్టారు. ఊరు నీళ్లలో కనబడితే అది మాత్రం ఏం చేస్తుంది?

అంతలో టీం లీడరు సుదర్శన్ ఫోను. "షాజియా, జయశ్రీ మేడంతోని కార్ల ఉన్న. ఈ ప్రాజెక్టుకు పైసలిచ్చేది మేడమే. మీ దాదీ ఊరని ముచ్చటపడి గుండ్లరేవునే టెస్టుకు తీసుకున్నం. మన మ్యాపేమో కారును నీళ్లలకు పొమ్మంటుంది!"

"ఐదు నిమిషాలు సార్!"

ఆమె గబగబా ఊళ్లను మళ్లీ విడదీసింది. ఇళ్లన్నీ కొత్త ఊరికి రాసింది. పాత ఊరి ఎదురుగా 'మునిగిన ఊరు, జనం లేరు' అని కొట్టింది. అమ్మయ్య అనుకునేలోపు వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. నిండా దుప్పట్లు, పైన యాసిన్.

"చిచ్చా, అది నా తప్పే. ఊరు మునగలే."

"నువ్ జెప్తే నమ్మాల్నా, ఫోన్ జెప్తే నమ్మాల్నా? ఎక్కు!"

ఎక్కక తప్పలేదు. కొల్లాపూర్ దాటుతుండగా సుదర్శన్ మళ్లీ చేశాడు.

"రోడ్డు పక్కనున్న కొత్తూరికి వచ్చినం. అన్ని ఇండ్లకు తాళాలే. కుక్క గూడ లేదు. షాజియా, జనమంతా ఏమైండ్రు?"

ఊరంతా ఖాళీ! పొద్దున గుమ్మంలో దాదీ పెదవులు కదలడం గుర్తుకొచ్చింది. ఏం చెప్పిందో మాత్రం గుర్తుకు రాలేదు, ఎందుకంటే వినలేదు. ఉద్యోగం పోతే పోనీ, దాదీ ఎక్కడుందో తెలిస్తే చాలు అనుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఆగు, ఒక ముసలాయన కనబడ్డడు," అన్నాడు సుదర్శన్. కాలికి కట్టుతో అరుగు మీద కూర్చున్న ఆయన పేరు బాలకిష్టయ్య. షాజియా స్పీకరు పెట్టడంతో వాళ్ల మాటలు యాసిన్‌కూ వినబడుతున్నాయి.

"పెద్దాయనా, జనమంతా ఏడబోయిండ్రు?"

"ఊరికి పోయిండ్రు."

"మరి ఇదేంది?"

"ఇది గూడ ఊరే. కాలిరిగింది గాని లేకుంటే నేను గూడ ఊర్లనే ఉందును."

యాసిన్ నెత్తి కొట్టుకున్నాడు. "యా అల్లా! ఇయ్యాల పాత ఊర్ల దర్గా ఉర్సు జాతర గద! ఎండకాలం నీళ్లు పోంగనే దర్గా బయటపడ్తది. నేనెట్ల మర్సిన?"

కారు, ఆటో రెండూ పాత ఊరికి చేరేసరికి నది వెనక్కి జరిగి ఉంది. నెర్రెలిచ్చిన మట్టిలో దర్గా గుమ్మటం, మొండిగోడలు తేలాయి. హిందువులు, ముస్లింలు అందరూ ఎవరి ఇల్లు ఉన్నచోట వాళ్లు గుడారం వేసుకుని కూర్చున్నారు. కింద కూర్చోవడానికి యాసిన్ దుప్పట్లు క్షణంలో ఖర్చయిపోయాయి. తాజ్‌బీ రెండు రాళ్ల మధ్య నిలబడి, లోపలికి నడవబోతున్న సుదర్శన్‌ను ఆపింది.

"అది మా తలుపు బిడ్డా. జర చెప్పులు ఇడిసి రా."

తలుపు లేని తలుపు దగ్గర సుదర్శన్ బూట్లు విప్పాడు. షాజియా దాదీని చుట్టేసుకుంది.

"పొద్దున చెప్పే వచ్చిన గద, ఊరికి పోతున్ననని? తలకాయ గూడ ఊపితివి!"

జయశ్రీ చుట్టూ చూసింది. రెండు వేలమందికి తక్కువ ఉండరు. "ఇక్కడ జనం లేరని రాసింది ఎవరు?"

"నేనే మేడం," అంది షాజియా.

"కలిపితే తప్పు చేసింది, విడగొడితే ఇంకో తప్పు చేసింది," అన్నాడు సుదర్శన్.

జయశ్రీ తాజ్‌బీ వైపు తిరిగింది. "అమ్మా, మీకు ఊళ్లు ఎన్ని?"

"ఒక్కటే. నీళ్లొస్తే గాడ, నీళ్లు పోతే ఈడ."

జయశ్రీ సుదర్శన్‌తో అంది, "మీ గ్రాఫులో 'ఎక్కడ' అనే గడి ఉంది, 'ఎప్పుడు' అనే గడి లేదు. అది ఈ అమ్మాయి తప్పు కాదు, మీది. ఆ గడి కట్టేదాకా ఈమెను వదలకండి. కట్టాక అసలే వదలకండి."

షాజియా అక్కడే దుప్పటి మీద కూర్చుని, సుదర్శన్ ల్యాప్‌టాప్‌లో 'ఎప్పుడు' అనే కొత్త గడి కట్టి నింపింది. 'సమాచారం ఇచ్చినవారు' అన్నచోట దాదీ పేరు రాసింది. బిర్యానీ వడ్డిస్తుండగా అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి.

'గుండ్లరేవు ఈరోజు నదిలో ఉంది. రేపటి సంగతి తాజ్‌బీని అడగండి.'