అయివారి పాతర

ఆదివారం పొద్దున తలంటుకుందామని మునిరత్నమ్మ కొట్టుగదిలోకి వెళ్లేసరికి కుంకుడుకాయలు చేటలో ఉన్నాయి. అవి ఉండవలసిన కుండ పెరట్లో బోర్లించి ఉంది. కుండ పక్కన ఆమె భర్త పరంధామయ్య పంచె ఎగగట్టి, గడ్డపార పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కుంకుడుకాయల కుండ ఎవరు తీసినారు?"

"నేనే."

"ఒక మాట అడిగి తీస్తే ఏం?"

"అడిగితే నువ్వు ఇయ్యవు."

"ఇయ్యను. పదేండ్లుగా అది కుంకుడుకాయల కుండ."

"అందుకే అడగలేదు."

పంచలో తమలపాకులు తుడుస్తున్న అత్తగారు గంగులమ్మ తలెత్తకుండానే అంది. "ఆ కుండ మీ పెండ్లికి నేను కొన్నది. కావాలంటే నాకిచ్చేయండి, రచ్చ తీరిపోతాది."

పరంధామయ్య పాకాల బోర్డు స్కూల్లో అయివారు. నలభై రెండు ఏప్రిల్ అది. మద్రాసు మీద బాంబులు పడతాయని ఆ ఊరు ఊరంతా కదిలిపోతోంది. పాకాల జంక్షన్లో ఏ రైలు ఆగినా పరుపుచుట్టలు, పిల్లలు, కుట్టుమిషన్లు దిగుతున్నాయి. పరంధామయ్య మూడు రోజులు పేపరు చదివి నాలుగో రోజు ఒక నిర్ణయానికి వచ్చాడు. యుద్ధం ఏడాది సాగినా ఇంటికి లోటు రాకుండా తిండి సరుకులు భూమిలో పాతిపెట్టాలి. వెనకటి కాలంలో రాగులు పాతరలో పోసేవాళ్లని వాళ్ల తాత చెప్పగా విన్నాడు. చూసింది మాత్రం లేదు.

నాలుగు కుండలు. రాగులు ఒకదాంట్లో, చింతపండు ఒకదాంట్లో, ఉప్పు ఒకదాంట్లో. నాలుగోది బెల్లం కుండ. మునిరత్నమ్మ ప్రాణం ఆ నాలుగోదాని మీద ఉంది. మద్రాసులో కాపురముంటున్న కూతురు చంద్రకాంతానికి ఎనిమిదో నెల. రెండు వారాల్లో వచ్చేస్తున్నానని జాబు రాసింది. కాన్పయ్యాక బాలింతకు కాయం పెట్టాలి. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు దంచి ఉంచింది. అవన్నీ ముద్ద కట్టాలంటే బెల్లం కావాలి. అంగళ్లలో బెల్లం అనే మాట వినపడి నెలైంది. పుట్టింటివాళ్లు గానుగ దగ్గర నిలబడి తెచ్చిచ్చిన ఎనిమిది అచ్చులే ఆ ఇంట్లో ఉన్న బెల్లమంతా.

"బెల్లం మాత్రం అటక మీద పెడదాం," అంది.

"అటక మీద బాంబు పడితే?"

"అటక మీద పడితే మన మీద పడదా?"

"నా బిడ్డకు తిండి మిగలాల. మనం మిగిలినా మిగలకపోయినా," అన్నాడు పరంధామయ్య. మునిరత్నమ్మ లోపలికి పోయి బెల్లం అచ్చులు తెచ్చింది. కుండతోపాటు అవీ ఇచ్చేసింది.

పెరడంతా రాయి. స్నానాల బండ పక్కన మాత్రం నేల మెత్తగా ఉండి గడ్డపారకు లొంగింది. అక్కడే తవ్వడం మొదలుపెట్టాడు. వెనకింటి మునస్వామి గోడ మీద నుంచి తల పెట్టి చూశాడు.

"అయివారా, ఆ తట్టు తవ్వొద్దు. ఆడ తేమ ఉండాది."

పరంధామయ్య విననట్టే తవ్వాడు. కారణముంది. మునస్వామి ఇప్పుడు కట్టెలు కొట్టి అమ్ముతున్నాడు గానీ, జిల్లాలో నిషేధం రాకముందు పాకాల మొత్తానికి సారాయి కాచి పోసింది అతనే. పరంధామయ్య ఊరి మద్యనిషేధ ప్రచార సంఘానికి కార్యదర్శి. మూడేళ్లుగా గోడకు ఇటు ఒకరు, అటు ఒకరు. మంచీచెడూ లేదు.

మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తున్న వేళ చూసి, కుండల మూతులకు గుడ్డ కట్టి, పేడమట్టి మెత్తి, ఒక్కొక్కటే గుంతలోకి దించాడు. పైన మట్టి కప్పి, దాని మీద తులసి మొక్క నాటాడు. సరుకు దాచాడని ఊరికి తెలిస్తే పేరు పోతుందని ఆ జాగ్రత్త. పక్కింటి మిద్దె మీద అక్కమ్మ వడియాలు తిరగేస్తూ కూర్చుని ఉందని అతనికి తెలియదు. నిషేధ కాలంలో మనిషి ఎవరికీ తెలియకుండా మూతి కట్టిన కుండలు పెరట్లో పాతిపెడితే, చిత్తూరు జిల్లాలో దానికి ఒకటే అర్థం. అక్కమ్మ ఆ సంగతి ఒక్కరితోనే చెప్పింది.

నాలుగు రోజుల తర్వాత పొద్దున గోడ మీద రెండు ఖాళీ సీసాలు కనిపించాయి. మర్నాటికి అయిదయ్యాయి. కిరసనాయిలు కూడా దాచుకుంటే బాగుంటుందని స్కూల్లో ఎవరితోనో అన్న మాట పరంధామయ్యకు గుర్తుంది. జనంలో ఇంత సాయగుణం ఉందా అనుకుంటే కళ్లు చెమర్చాయి. వీధిలో ఎన్నడూ పలకరించని మనుషులు నిలబడి దండాలు పెడుతున్నారు.

"అయివారా, ఇంకా ఎన్నాళ్లు పడతాది?" అని గూడ్సు షెడ్డు కూలీ ఒకడు చాటుగా అడిగాడు.

"ఎవరు చెప్పగలరప్పా. ఆర్నెల్లు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు," అన్నాడు పరంధామయ్య, యుద్ధం గురించి.

"ఏడాదా? అబ్బా, అట్లయితే సరుకు గట్టిదే," అని వాడు మరింత గౌరవంగా వంగాడు.

ఆ ఆదివారం నిషేధ సభకు మామూలుగా వచ్చే పదకొండు మంది కాకుండా నలభై మంది వచ్చారు. పరంధామయ్య ఉప్పొంగిపోయాడు. ఉపన్యాసం చివర, "సీసాలు పంపిన పెద్దలందరికీ నమస్కారం. సమయం వచ్చినప్పుడు ఎవరి సీసా ఎవరిదో నేను మర్చిపోను," అన్నాడు. చప్పట్లు ఆగలేదు.

పదో రోజు మునిరత్నమ్మ స్నానాల బండ దగ్గర ముక్కు చిట్లించింది. తులసి చుట్టూ నేల పులిసిన వాసన.

"ఇదో, ఒకసారి తవ్వి సూడండి. బెల్లం గురించి నాకు దిగులుగా ఉండాది."

"అవసరం లేకుండా పాతర తెరిస్తే గాలి చొరబడుతుంది."

"వాసన బయటికి వస్తా ఉంటే, గాలి లోపలికి పోదా?"

అదే మాట మీద ఇద్దరూ మరో రెండు రోజులు ఉన్నారు. మూడో రోజు, కూతురు దిగవలసిన రోజున, పన్నెండు గంటలకు ప్రొహిబిషన్ ఇన్స్పెక్టరు ఏకాంబరం ఇద్దరు జవాన్లతో, రెండు ఇనప చువ్వలతో గుమ్మంలో నిలబడ్డాడు. చిత్తూరుకు ఎవరో సంతకం లేని అర్జీ రాశారు.

"మీ పెరడు సూడాల సార్," అన్నాడు ఏకాంబరం మొహమాటంగా.

సంఘం కార్యదర్శిగా తన ముందుచూపు పైవాళ్ల దాకా పోయిందనుకున్నాడు పరంధామయ్య. "రండి, రండి. ప్రతి ఇంట్లోనూ ఇట్లాంటిది ఒకటి ఉండాలని నా ఉద్దేశం," అని తానే ముందు నడిచి తులసి మొక్క పీకి చూపించాడు. జవాన్లు మొహాలు చూసుకున్నారు. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఏకాంబరానికి ఇంత సహకరించిన నిందితుడు దొరకలేదు.

రాగుల కుండ తీశారు. కింద సగం మొలకలెత్తి ఉంది. చింతపండు బూజు పట్టింది. ఉప్పు నీళ్లయింది. నాలుగో కుండకు చువ్వ తగలగానే మూతికి మెత్తిన పేడమట్టి గుడ్డతో సహా దానంతటదే లేచి పక్కకు పడింది. లోపల నురగ బుసబుసమంటోంది. స్నానాల నీళ్లు పన్నెండు రోజులుగా ఇంకి, ఎనిమిది అచ్చుల బెల్లమూ పులిసి ఊటగా మారింది. గోడ మీద అప్పటికే పది తలలు వరసగా ఉన్నాయి.

"ఇదేంది సార్?" అన్నాడు ఏకాంబరం.

"మా బిడ్డ బాలింత కాయానికి పెట్టుకున్న బెల్లం," అంది మునిరత్నమ్మ. గోడ మీద ఎవరో నవ్వారు.

ఏకాంబరం నోటుబుక్కు తీశాడు. అప్పుడు గోడ దూకి మునస్వామి వచ్చాడు. కుండలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, మొహం వికారంగా పెట్టాడు.

"సామీ, ఇది సారాయి ఊట గాదు. ఊటలో ఏసే తుమ్మచెక్క యాడుండాది? లేదు. కుండ మూతికి గాలి సందు యాడుండాది? లేదు. తెలిసినోడు ఎవడైనా జలదారి పక్కన పెడతాడా? ఇది ఏమీ తెలీని మనిషి సేసిన పని. ఇట్లాంటిది నా సేతిమీద జరిగుంటే నేను ఊరిడిసి పోయుందును."

"నీకు ఇదంతా ఎట్ల తెలుసు?"

"మానేసినోణ్ణి సామీ. మానాలంటే ముందు తెలిసుండాల గదా."

ఏకాంబరం తానూ వాసన చూశాడు. మొలకెత్తిన రాగులు చూశాడు. పరంధామయ్య మొహం చూశాడు. చివరిది చూశాక అతనికి అనుమానం మిగల్లేదు. కుండ ఒలకబోయించి, "అజ్ఞానం తప్ప నేరం కనిపించలేదు" అని రాసుకుని వెళ్లిపోయాడు. గోడ మీద తలలు నిరాశగా దిగిపోయాయి. పోతూ పోతూ ఎవరి సీసా వాళ్లు పట్టుకుపోయారు.

పరంధామయ్య గుంత ఒడ్డున కూలబడ్డాడు. చేతులకు మోచేతుల దాకా బురద. పన్నెండు రోజులుగా అతనికి చెప్పాలని మునిరత్నమ్మ దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి, వరసగా ఉన్నాయి. చెంబుతో నీళ్లు తెచ్చి అతని పక్కన కూర్చుంది.

"బిడ్డకని పెట్టింది," అన్నాడతను. "నా సేతులతో నేనే..."

"సేతులు సాపండి," అని నీళ్లు పోసింది.

రెండు గంటల రైలుకు చంద్రకాంతం దిగింది. బండి దిగి ఇంట్లో అడుగు పెడుతూనే, "ఏం నాయనా, ఇల్లంతా ఈ వాసన?" అంది. ఎవరూ బదులు చెప్పక ముందే పెరటి వాకిట్లో మునస్వామి నిలబడ్డాడు. నెత్తిన ఒక జాడీ. మూతికి మైనం, మైనం మీద గుడ్డ, గుడ్డ మీద మళ్లీ మైనం.

"కాయానికి ఉంచండి," అని గంగులమ్మ ముందు దించాడు.

మైనం ఒలిస్తే లోపల నల్లటి బెల్లం అచ్చులు, పొడిగా, రాయిలా గట్టిగా ఉన్నాయి. గంగులమ్మ ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. "మూడేండ్ల పాత బెల్లం. బాలింతకు ఇంతకు మించింది లేదు. యాడ దాచినావురా దీన్ని?"

"పాతరలోనే అమ్మా. పొడినేల సూసి," అన్నాడు మునస్వామి. "నిషేధం వచ్చిన దినం మిగిలిపోయింది. పారబోయ మనసు రాలేదు."

కార్యదర్శిగా అడగవలసిన ప్రశ్నలు రెండు మూడు పరంధామయ్య మొహంలో కదిలాయి. కూతురు గోడకు చేయానించి నెమ్మదిగా కింద కూర్చోవడం చూశాడు. అడగలేదు.

ఆ సాయంత్రం పెందలాడే అందరూ సంగటికి కూర్చున్నారు. మునిరత్నమ్మ కూతురి ముద్దలో నెయ్యి పోస్తుండగా పరంధామయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఆదివారం సభలో నేను మాట్లాడను. మునస్వామి మాట్లాడతాడు. ఇప్పుడే పోయి అడిగొచ్చినా. సరేనన్నాడు."

"వాడు ఏం మాట్లాడతాడ్రా?" అంది గంగులమ్మ.

"సారాయి గురించే. ఎట్ల మానాల్నో నాకంటే వాడికి బాగా తెలుసు. మూడేండ్లుగా గోడకు ఈపక్క నుంచి వాడికి నేను చెప్తా ఉండాను. ఒకసారి వాడు చెప్పేది నేను ఇంటాను."

మునిరత్నమ్మ కూతురికి పోస్తున్న నెయ్యి అతని ముద్దలోనూ ఒక గరిటెడు పోసింది.

సారాయి గురించి మునస్వామి చెప్తాడని ఊరికి తెలిసేసరికి ఆ ఆదివారం చావడిలో నిలబడటానికి చోటు లేకపోయింది; ముందు వరసవాళ్లు కాగితం, పెన్సిలు కూడా తెచ్చుకున్నారు.