జక్కయ్య వేసిన సర్కారు తుమ్మ కంచె

ఆ రోజు పొద్దున గురజాల జక్కయ్య చద్దన్నం సగంలో వదిలి లేచాడు. ఖాజా మొహిద్దీన్ మేకలు మళ్ళీ మిరప చేలో పడ్డాయి. యుద్ధం సాగుతున్న ఆ రోజుల్లో జక్కయ్యకు కూడూ గుడ్డా ఆ మిరపే.

"ఏమే కోటీ! కంచె సంగతి ఈ పొద్దే తేలుస్తా," అని భార్య కోటమ్మకు చెప్పి బండి కట్టాడు. నరసరావుపేట రైలుకట్ట పక్కన సర్కారు తుమ్మ గింజలు ఏరి, మూటగట్టుకొచ్చి గట్టు చుట్టూ నాటాడు.

"ఏ దేశపు చెట్టో ఏమో!" అంది కోటమ్మ.

"సముద్రం దాటొచ్చిందే. మేకకి లొంగుద్దా?"

పుట్టిన దేశంలో దాన్ని కొరికే పురుగులూ, అణిచే చెట్లూ ఉంటాయట. పల్నాడులో దానికి ఒక్క దాయాదీ లేడు. దాయాది లేనివాడు ఎంత ఎదుగుతాడో పల్నాటివాళ్ళకు వేరే చెప్పాలా! మూడేళ్ళు తిరిగేసరికి కంచె ఎంత చిక్కబడిందంటే, అందులో దూరిన గాలి బయటికి దారి తెలియక ఏడ్చేది.

మేకలు మిరప జోలికి రావడం మానేశాయి. కంచె కింద రాలిన తియ్యటి కాయలు నమిలి అక్కడే కునుకు తీసేవి.

"చూశావటే? కంచెను చూసి హడలిపోయినయ్!" జక్కయ్య మీసం దువ్వాడు.

భయపడ్డ శత్రువు మీద జాలి కలగడం సహజం. వేసవిలో ఎరువు కోసం ఆ మేకలనే రాత్రిళ్ళు చేలో మంద కట్టమని ఖాజాను పిలిచి చెప్పాడు. ఖాజా తల గోక్కున్నాడు.

"మామా, మేకలు రాకూడదనే గదా కంచె ఏసింది?"

"మేతకి రాకూడదురా. ఎరువుకి రావచ్చు."

పగలల్లా కాయలు మేసిన మేకలు తెల్లవార్లూ చేనంతా పెంటికలు రాల్చాయి. వాటి కడుపులో కాయ అరిగింది గానీ గింజ అరగలేదు.

తొలకరికి చేనంతా పచ్చగా మొలిచింది.

"జీలుగే! దేవుడే చల్లాడు!" అని జక్కయ్య పొంగిపోయాడు. ఎదిగాక కలియదున్నితే పచ్చిరొట్ట ఎరువవుతుందని, అరక దింపకుండా కడవలతో నీళ్ళు మోసి మరీ పెంచాడు. ఒకరోజు చేలో అడుగుపెట్టిన కోటమ్మ కెవ్వుమంది.

"జీలుగకి ముళ్ళుంటయ్యా, ఏందయ్యా ఇది?" అని అరికాలు చూపించింది.

పీకితే వేరు రాలేదు. నరికితే మోడుకు పది పిలకలు లేచాయి. అరక దింపితే కాళ్ళల్లో ముళ్ళు దిగి ఎద్దులు బండి విడిచినట్టు కూలబడ్డాయి. అవతల మిరప నారు ముదిరిపోతోంది. జక్కయ్యకు కాలు నిలవలేదు, కన్ను మూతపడలేదు. ఆఖరికి ఆ నారంతా పీక్కెళ్ళి కంచె బయట, బండ్లదారి పక్క బంజరులో నాటాడు.

మర్నాడే ఖాజా మందతో వచ్చాడు.

"ఒరేయ్ ఖాజా, నా కొంప ముంచకురా!" అంటూ జక్కయ్య కర్ర పట్టుకుని మిరప మొక్కలకు అడ్డం పడ్డాడు.

మేకలు మిరప వంక కన్నెత్తి చూడలేదు. కంచెకున్న తడిక తోసుకుని, లోపలివైపు రాలిన తుమ్మ కాయల కోసం పరుగెత్తాయి.

ఆ ఏడు జక్కయ్యకు మిరప విరగపండింది. కంచె కూడా తన ధర్మం తప్పలేదు. లోపలి తుమ్మను మనిషన్నవాడు ముట్టకుండా కాపాడింది.