తీసుకోని మంత్రి

ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లోని వయోవృద్ధుల చదరంగ సంఘం ఈ ఏటి పోరాటపటిమ పతకాన్ని హమాయక్, సుకియాస్ గార్లకు సంయుక్తంగా ప్రకటించింది. ఇద్దరూ అర్హులే. ఎన్నో ఏళ్లుగా తలపడిన ప్రతిసారీ పన్నెండో ఎత్తుకల్లా డ్రా చేసుకుని, కాఫీ చల్లారకముందే బయటపడుతున్నారు.

ఈసారి సంఘం క్రీడా పవిత్రతను కాపాడదలచి, ముప్పై ఎత్తులు దాటనిదే డ్రా చెల్లదని నిబంధన తెచ్చింది. మిత్రులు శిరసావహించారు. ఎంపిక పోటీలో తామిద్దరి ఆఖరి ఆటకు ముందురోజు ఆప్రికాట్ సారా ముందు కూర్చుని ముప్పై ఎత్తుల యుద్ధాన్ని కూర్చుకుని బట్టీపట్టారు. డ్రా అయితే సముద్రతీరంలో జరిగే ప్రపంచ పోటీకి సుకియాస్ వెళ్తాడు. హమాయక్ వెళ్లాలంటే గెలవాలి. అయినా స్నేహితుణ్ణి ఓడించడమేమిటని మాటిచ్చేశాడు. ఆ సంగతి తెలియని ఆయన భార్య అరుస్యాక్ ఎండ టోపీ కొనేసుకుంది. పాపం, ఆమె పుట్టాక సముద్రం చూడలేదు.

హాలు కిటకిటలాడింది. నేను అరుస్యాక్ పక్కనే కూర్చున్నాను. సగం ఆటలో సుకియాస్‌కు పాఠం మరుపొచ్చి, తన మంత్రిని తీసుకెళ్లి హమాయక్ బంటు నోట్లో పెట్టాడు. అరుస్యాక్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. హమాయక్ మంత్రి వంక చూశాడు, భార్య వంక చూశాడు, నిట్టూర్చి, ఒప్పందం ప్రకారం గుర్రాన్ని వెనక్కి జరిపాడు. సుకియాస్ చెమట తుడుచుకుని మంత్రిని తప్పించాడు. ముప్పై దాటగానే చేతులు కలిపారు.

మంత్రిని చంపి ఉంటే ఇరవై ఎత్తుల తర్వాత హమాయక్‌కు ప్రళయమేనని వ్యాఖ్యాత గంటసేపు వివరించారు. కంప్యూటర్ ఒప్పుకోలేదు. దానికి అనుభవం చాలదని పెద్దలు తేల్చి, ఆటను బడిపిల్లల పాఠ్యపుస్తకంలో చేర్చారు.

కాఫీ దగ్గర సుకియాస్ మిత్రుణ్ణి కోప్పడ్డాడు.

"తీసుకోవాల్సిందిరా గాడిదా. నేనైతే తీసుకునేవాణ్ణి."

"తెలుసు. అందుకే నా మంత్రిని నీ దగ్గరికి రానివ్వలేదు."

పతక సభలో అధ్యక్షులు జాతి మేధస్సు గురించి సుదీర్ఘంగా ప్రసంగించి, ఆ ఎత్తు రహస్యం చెప్పమని హమాయక్‌కు మైకు అందించారు.

"రహస్యమేం లేదండీ. ముందురోజే డ్రా అనుకున్నాం. మాటిచ్చాను, అందుకే తీసుకోలేదు."

హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఇంతటి మేధావికి ఇంత హాస్యమా అని అధ్యక్షులు కళ్లు తుడుచుకుని, అప్పటికప్పుడు కాన్యాక్ బ్రాందీ సీసా బహూకరించారు. ఇరవై ఎత్తుల అవతలి ప్రళయాన్ని నమ్మినవాళ్లలో ఒక్కరూ ఈ మాట నమ్మలేదు.

నమ్మింది టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అరుస్యాక్ ఒక్కతే. ఆమె మాత్రం నవ్వలేదు. మీరు నవ్వారు కదూ?