ఎర్రగీత దాటిన చుక్క

ఆ ఉదయం అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, ఫ్యాక్టరీకి వెళ్లాలి, మధ్యాహ్నం దాకా చుక్కలు బుద్ధిగా ఉండేలా చూడాలి, సాయంత్రం పర్మనెంటు ఉద్యోగిగా ఇంటికి రావాలి. అందులో మొదటిదే తిన్నగా సాగలేదు. వేడినీళ్ల కుళాయి కాస్త తిప్పాడు, నీళ్లు చల్లగానే వచ్చాయి. భయపడి ఇంకాస్త తిప్పాడు, వీపు కాలింది. అదిరిపడి రెండో కుళాయి తిప్పాడు, పళ్లు టకటకలాడాయి.

"ఏవండీ, దాన్ని ఒక్క నిమిషం వదిలేయండి! అదే సర్దుకుంటుంది!" అని బయటి నుంచి భార్య కేకేసింది.

"వదిలేస్తే ఇంకా పాడైతే?" అన్నాడు లోపలి నుంచి. ఈ ఒక్క ప్రశ్నతోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు.

ఫ్యాక్టరీలో అతన్ని అందరూ గడగడ అంటారు. షాంపూ నింపే యంత్రం దగ్గర తనిఖీ అతని పని. అరగంటకోసారి కొన్ని సీసాలు తూచి, సగటు తీసి, గోడమీది చార్టులో ఓ చుక్క పెట్టాలి. మధ్యలో పచ్చగీత, అంటే ఉండాల్సిన బరువు. దానికి పైనొకటి, కిందొకటి ఎర్రగీతలు. ఆ రెండింటి మధ్య చుక్క కాస్త పైకీ కిందికీ తిరిగినా ఫరవాలేదు, గీత దాటితేనే ఏదో తేడా చేసినట్టు. శిక్షణలో ఇదంతా నేర్పారు, అతను నేర్చుకున్నాడు కూడా. భయం మాత్రం ఆ శిక్షణకు హాజరు కాలేదు.

పైగా ఆ రోజు భయపడటానికి కారణమూ ఉంది. సరుకు కొనే కంపెనీ తరఫున ఒక నిపుణురాలు చార్టు చూడటానికి వస్తోంది. ఆమె సరేనంటే, ఏళ్ల తరబడి టెంపరరీగా నలుగుతున్న గడగడ పర్మనెంటు అవుతాడు. కాదంటే ఇంటికి పంపిస్తానని మేనేజరు ముందే చెప్పాడు. ఈలోగా భార్య వాళ్లక్కకు ఫోన్ చేసి, పర్మనెంటు అయిపోయిందని చెప్పేసింది. మేనేజరు కోపం ఒక పూటతో పోతుంది. వదినగారి నవ్వు అలా పోయేది కాదు.

మొదటి చుక్క పచ్చగీతకు కొంచెం పైన పడింది. గడగడకు అదే చాలు. షాంపూ ధారను పెంచి తగ్గించే స్క్రూ ఒకటుంది, దాన్ని తిప్పే పానా అతని జేబులోనే ఉంటుంది. గబగబా తీసి కాస్త తగ్గించాడు.

"ఏం చేస్తున్నావు గురూ?" అన్నాడు యంత్రం నడిపే ఆపరేటరు.

"పైకి పోతోంది, చూడలేదా? ఇప్పుడే పట్టుకోకపోతే కొంప మునుగుతుంది."

రెండో చుక్క పచ్చగీతకు బాగా కింద పడింది. స్క్రూ గట్టిగా పెంచాడు. మూడోది ఎగిరి పై ఎర్రగీత అంచున కూర్చుంది. మళ్లీ తగ్గించాడు, ఎంత తగ్గించాడో అతనికే తెలియదు. నాలుగోది కింది ఎర్రగీత దాటేసింది. ఎర్రదీపం వెలిగింది, లైను ఆగింది, మేనేజరు ఊడిపడ్డాడు.

"ఏమైందయ్యా?"

నేనే తిప్పానని చెప్పాల్సిన నోరు, "షాంపూ చిక్కగా వస్తోందేమో సార్" అంది.

మేనేజరు షాంపూ కలిపే ఫోర్‌మన్‌ను పిలిపించాడు. "నా షాంపూనంటారా? ముందు మీ వాల్వు చూసుకోండి!" అని అతను విరుచుకుపడ్డాడు. ఫిట్టరుకు కబురు వెళ్లింది. ఫిట్టరు వాల్వు విప్పుతుండగానే పైపులో మిగిలిన షాంపూ బుస్సున నేలమీదికి దూకింది. ఎవరో కడుగుదామని పైపుతో నీళ్లు కొట్టారు. నురగ మోకాళ్ల దాకా లేచింది. ఫోర్‌మన్ జారి మేనేజరును పట్టుకున్నాడు. మేనేజరుకు పట్టుకోవడానికి ఎవరూ దొరకలేదు.

నురగలోంచి మేనేజరు తల ఒక్కటే పైకి లేచింది. "దీనికి కారణం ఎవడో తేలాలి! వాడు మళ్లీ ఈ గేటు దాటి లోపలికి రాడు!"

ఫిట్టరు కొత్త వాల్వు బిగించి, పానా అడిగి తీసుకుని, స్క్రూను అసలు గుర్తు దగ్గర నిలిపి, పానా తిరిగి ఇచ్చేశాడు. లైను మొదలైంది. ఇంకో చుక్క చూసే ధైర్యం లేక గడగడ పానాతో సహా గోదాములోకి దూరి, అట్టపెట్టెల వెనక నక్కాడు. బయట బూట్ల చప్పుడైనప్పుడల్లా తనకోసమే అనుకున్నాడు. వెళ్లి స్క్రూ ఒక్క పిసరు తిప్పి వస్తే బాగుండునని చేతులు దురదపెట్టాయి, కానీ లేవడానికి భయమేసింది. చివరికి ఎంతసేపటికో ఆపరేటరు వచ్చి పెట్టె జరిపాడు.

"ఇక్కడున్నావా గురూ! ఆవిడ వచ్చింది. పానా ఎవరి దగ్గరుందని అడుగుతోంది."

చార్టు ముందు అందరూ తడిబట్టలతో నిలబడి ఉన్నారు. పొద్దున్న గంతులేసిన చుక్కల తర్వాత, ఆపరేటరు పెట్టిన చుక్కలు పచ్చగీత పక్కనే బుద్ధిగా నడుస్తున్నాయి.

"నా షాంపూ పాకం అలాంటిది మేడమ్" అంటున్నాడు ఫోర్‌మన్.

"అదేం కాదు, కొత్త వాల్వు" అన్నాడు ఫిట్టరు.

"అంతా నా పర్యవేక్షణే" అన్నాడు మేనేజరు, చెవిలో నురగ తుడుచుకుంటూ.

"పాత వాల్వు చూశాను, దానికి ఏ జబ్బూ లేదు" అని నిపుణురాలు గడగడ వైపు తిరిగింది. "చుక్కలు ఇక్కడ కుదుటపడ్డాయి. ఆ సమయంలో మీరేం చేశారు?"

అబద్ధం చెప్పడానికి కూడా కొంత ధైర్యం కావాలి. "పారిపోయానండీ."

"అంతకు ముందు?"

"చుక్క కదిలినప్పుడల్లా స్క్రూ తిప్పానండీ. భయమేసి."

మేనేజరు నోరు తెరిచాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. "యంత్రమన్నాక కాస్త అటూ ఇటూ ఆడుతుంది. ప్రతిసారీ సరిచేయబోతే ఇలాగే గంతులేస్తుంది. నేను అడిగింది కారణం. మీరు ముగ్గురూ గొప్పలు చెప్పారు, కారణం చెప్పింది ఈయనొక్కరే. ఈ చార్టును ఈయన చేతుల్లోనే ఉంచండి. పానా మాత్రం తాళం వేసిన పెట్టెలో ఉండాలి. చుక్క ఎర్రగీత దాటితేనే తీయాలి."

మేనేజరు పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాడు. గడగడకు ఏడుపు ఆగలేదు.

"అయిందా?" అంది భార్య, సాయంత్రం ఇంటి గుమ్మంలోనే.

"అయింది."

"ఎలా?"

జరిగిందంతా చెప్పాడు. ఆమె తలుపు దగ్గరగా వేసి, "అక్కకు ఇదంతా చెప్పకండి" అంది.

మర్నాడు పొద్దున్న అతను వెళ్లేసరికి స్నానాల గదిలో నీళ్లు అప్పటికే పడుతున్నాయి, కుళాయిల పిడులు మాత్రం రెండూ లేవు. భార్య వాటిని విప్పి బీరువాలో పెట్టి తాళం వేసింది.

నీళ్లు హాయిగా ఉన్నాయి.