అత్తరు సాయిబు ముక్కు

ఆదివారం పొద్దున అబ్దుల్ సత్తార్ అనుకున్న పని చిన్నదే. పూతలపట్టు నుంచి కూతురు నౌరీన్‌ను చూడడానికి మగపెళ్లివారు వస్తారు. గుమ్మంలో వారి చేతులకు అత్తరు రాయాలి, సేమియా పెట్టాలి, మాట ఖాయం చేసుకోవాలి. చిత్తూరులో ముప్పై ఏళ్లుగా అత్తరు అమ్ముతున్న ఇల్లు. ఆ వాసనే వారి పరువు.

దాచిన సంగతి ఒకటుంది. ఎనిమిది నెలలుగా సత్తార్ ముక్కుకు ఏ వాసనా తెలియడం లేదు. తిరుపతి డాక్టరు సన్నని గొట్టం పెట్టి, ముక్కు లోపల ద్రాక్షపళ్లలా వేలాడుతున్న మెత్తని కండలు చూపించాడు. "ఏండ్ల తరబడి పడిశం, దుమ్ము పడకపోవడం. లోపల వాచి వాచి ఇట్లయినాది. రోజూ ఈ మందు కొట్టుకో. తగ్గకపోతే ఆపరేషన్" అన్నాడు. అత్తరు వ్యాపారికి ముక్కు జబ్బని తెలిస్తే కొనేదెవరు? సత్తార్ ఆ సీసాను ఒక్కసారైనా వాడకుండా అత్తరు పెట్టె అడుగున దాచాడు.

ఆ పొద్దున పెట్టె తెరిచింది భార్య జహీరున్నీసా. ఇంత అడుగున పెట్టాడంటే ఖరీదైన సరుకే అనుకుంది. ఆమెకు చదువు రాదు. వాసన చూస్తే ఏమీ తెలియలేదు. ఆయన ముక్కుకు తెలిసేది నా ముక్కుకు తెలుస్తుందా అని సర్దుకుని, వచ్చినవారందరి చేతుల మీదా తుస్సు తుస్సున కొట్టింది.

పెళ్లికొడుకు తండ్రి షాకిర్ లోపలికి వచ్చి కూర్చుని, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూశాడు. "ఏం వాసన భాయ్! గంధమా?"

భార్య కొట్టిన సీసా ఏదో సత్తార్ చూడలేదు. ఎలాగూ తెలియదు కాబట్టి ధైర్యంగా తలూపాడు. "గంధమే. మల్లె కూడా కలిసుండాది. రెండు దినాలైనా పోదు."

"మల్లె నాకు ముందే తగిలినాది" అన్నాడు షాకిర్ తమ్ముడు.

"పెండ్లికి వచ్చే ఐదునూర్ల మందికీ ఇదే కొట్టల్ల" అన్నాడు షాకిర్. "సీసా తెప్పించు భాయ్, పేరు సూస్తాం."

జహీరున్నీసా సంబరంగా తెచ్చిచ్చింది. దాన్ని చూడగానే సత్తార్ సేమియా గిన్నె కింద పెట్టేశాడు. షాకిర్ కూతురు సుమయ్యా మందుల షాపులో పనిచేస్తుంది. సీసా అందుకుని చదివింది.

"అబ్బా, ఇది అత్తరు కాదు. ముక్కులో కండ పెరిగినోళ్లు కొట్టుకునే మందు."

సత్తార్ తల దించుకున్నాడు. "ఆ ముక్కు నాదే. ఎనిమిది నెల్లాయె, ఏ వాసనా తెలీదు. గంధమని, మల్లెని అబద్ధం చెప్పినాను. ఈ ఇంటి పిల్ల వద్దంటే తప్పు మీది కాదు."

తలుపు వెనక నౌరీన్ గాజులు చప్పుడు మానేశాయి. చివరికి సత్తార్ తలెత్తి చూస్తే, దించుకున్న తల తనదొక్కటే కాదు. షాకిర్ కుడిచెయ్యి కుర్తా జేబులో దాచుకున్నాడు.

"నీ ముక్కంటే చెడింది భాయ్. మా ముక్కులు బాగానే ఉండాయి కదా" అన్నాడు నేల చూస్తూ. "ఈ మాట ఈ గడప దాటకూడదు. నువ్వు ఆపరేషన్ చేయించుకో, ఆ పైన పెండ్లి."

చేయించుకున్నాడు. మళ్లీ పెరగకుండా మందు కూడా రోజూ కొట్టుకుంటున్నాడు. సీసా ఇప్పుడు అందరికీ కనబడేలా గూట్లోనే ఉంటుంది. వాసన తిరిగొచ్చిన రోజు సత్తార్ దుకాణం తెరిచి ఒక్కో మూతా తీసి చూశాడు. ఇన్నాళ్లుగా అమ్ముతున్న అత్తర్లలో సగం చెడి కంపు కొడుతున్నాయి.

కొన్నవాళ్లలో బాగాలేదని ఒక్కరూ అనలేదు.