ఎనిమిది దగ్గర ఆగిన లెక్క

బాక్సింగులో మన దేశం ఎందుకు వెనకబడుతోందో తేల్చేదాకా కుర్చీలోంచి లేచేది లేదని క్రీడల మంత్రిగారు ప్రతిజ్ఞ చేశారు. ఆ కుర్చీ నాదే. కుర్చీలు అద్దెకివ్వడం నా వృత్తి. నా కుర్చీకి ఇంతటి దేశసేవ రాసిపెట్టి ఉందని కలలో కూడా అనుకోలేదు.

ఒకప్పుడు మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా పతకాలు మోసుకొచ్చేవారు. ఇప్పుడు వాచిన మొహాలు మోసుకొస్తున్నారు. కారణం కనుక్కోవడానికి మంత్రిగారు కమిటీ వేసి, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క బాక్సింగ్ హాల్లో, సరిగ్గా రింగులోనే కూర్చోబెట్టారు. ఎత్తుగా ఉంది, నెత్తిన లైట్లున్నాయి, జనం మీద పడకుండా చుట్టూ తాళ్ళున్నాయి. ఇన్ని వసతులున్న చోటును ఇన్నాళ్ళూ కొట్టుకోవడానికి వాడారంటే ఎంత దుబారా!

నా మేనకోడలు ఆ రింగులోనే సాధన చేసేది. వయోపరిమితి ప్రకారం విదేశీ పోటీలకు వెళ్ళడానికి ఆ పిల్లకు ఇదే ఆఖరి అవకాశం.

"మామయ్యా, మీ కుర్చీలు తీయించండి. సెలక్షన్లు దగ్గరపడుతున్నాయి," అంది.

"ఓపిక పట్టు తల్లీ. మీరెందుకు ఓడిపోతున్నారో పెద్దవాళ్ళు తేలుస్తున్నారు. మధ్యలో మీరు అడ్డం పడితే ఎలా?" అన్నాను.

పాపం, మెట్ల కింద సాధన మొదలుపెట్టింది. అక్కడ తలెత్తితే మెట్టు తగులుతుంది. కమిటీ మాత్రం జోరుగా సాగింది. రింగు గంట టీ కోసం మోగేది. వేడి కెటిల్ పట్టుకోవడానికి గ్లవ్స్‌ను మించినవి లేవని తేలింది. మంత్రిగారికి నడుం పట్టేస్తే, పంచింగ్ బ్యాగు విప్పి అందులోని గుడ్డపీలికలతో దిండు కుట్టించారు.

అసలు రహస్యం క్రీడాశాఖ డైరెక్టరుగారు కనిపెట్టారు. పాత పోటీల వీడియోలన్నీ చూసి, కళ్ళజోడు తుడుచుకుని, "సార్, అవతలివాళ్ళు తిరిగి కొడుతున్నారు," అన్నారు.

మంత్రిగారు నిర్ఘాంతపోయారు. "మనం కొట్టినందుకా?"

"కొట్టకముందు కూడా సార్."

"విదేశాంగ శాఖకి తెలుసా?"

"ఇంకా తెలీదు సార్."

తీవ్ర నిరసన తెలపాలని తీర్మానించి టీకి గంట కొట్టారు.

సెలక్షన్ల రోజు రానే వచ్చింది. సాధనకు చోటు లేక మిగతా ఆటగాళ్ళు అప్పటికే తలో దారి చూసుకున్నారు. మా పిల్ల ఒక్కతే మిగిలింది. ప్రత్యర్థి లేకుండా ఎంపిక చేస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరని డైరెక్టరుగారు బెంగపడ్డారు.

"నేను లేనూ?" అంటూ మంత్రిగారు ప్రతిజ్ఞను కాసేపు పక్కనపెట్టి లేచారు. కెమెరాలన్నీ అటు తిరిగాయి. కమిటీ తన కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకుంది.

డైరెక్టరుగారు మేనకోడలి చెవిలో అన్నారు. "సార్ చెయ్యి ఎత్తగానే పడిపోమ్మా. టీములో నువ్వు ఉన్నట్టే."

అది నా వైపు చూసింది. "పడిపో తల్లీ. ఉత్తినే పడితే దెబ్బ కూడా తగలదు," అన్నాను. సరేనని తలూపింది.

పడేదే. కానీ మెట్ల కింద తల కాచుకుని కాచుకుని దానికి అలవాటైపోయింది. మంత్రిగారి పిడికిలి రాగానే తల దానంతటదే వంగింది. పిడికిలి ముందు, మంత్రిగారు వెనక వెళ్ళి నా కుర్చీకి తట్టుకుని వెల్లకిలా పడ్డారు.

రెఫరీ పాతకాలం మనిషి. వేళ్ళు చూపిస్తూ లెక్క మొదలుపెట్టాడు. మంత్రిగారు లైట్లను తదేకంగా చూస్తున్నారు. ఎనిమిది దగ్గర డైరెక్టరుగారు ఒక్క దూకు దూకి రెఫరీ నోరు మూశారు.

"ఎంతదాకా లెక్కపెడతావయ్యా?"

"పదిదాకా సార్. అప్పటికీ లేవకపోతే ఓడినట్టు. ఎవరికైనా అంతే."

"మంత్రిగారికి కూడా అని రూల్సులో ఉందా?"

"అలా విడిగా లేదు సార్."

"అయితే ఆపు. సబ్‌కమిటీ తేలుస్తుంది. అందాకా పోటీ నడుస్తున్నట్టే. రింగు దిగినవాళ్ళు ఓడిపోయినట్టు."

మంత్రిగారిని కుర్చీతో సహా మోసుకెళ్ళారు. మోసుకెళ్తే దిగినట్టు కాదని డైరెక్టరుగారు అప్పటికప్పుడు వివరణ ఇచ్చారు. మా పిల్ల తన మూలలో నిలబడిపోయింది. మా అక్క క్యారేజీ తెచ్చి తాళ్ళ సందులోంచి అందిస్తోంది.

టీము అనుకున్న రోజుకే విదేశం బయల్దేరింది. మంత్రిగారు, డైరెక్టరుగారు, కమిటీ సభ్యులు, వాళ్ళ కుటుంబాలు. ఆటగాళ్ళెవరూ ఖాళీగా లేరు.

తిరిగొచ్చాక విమానాశ్రయంలో మంత్రిగారు గద్గద స్వరంతో ప్రకటించారు. "చాలా ఏళ్ళ తర్వాత, మన బృందం ఒక్క పోటీలో కూడా ఓడిపోకుండా తిరిగొచ్చింది!"

చప్పట్లు మిన్నుముట్టాయి. నేనూ కొట్టాను. సన్మాన సభకు కుర్చీలు చాలకపోతే హాల్లో మిగిలినవి తేవడానికి వెళ్ళాను. లైట్లు తీసేశారు. నా మేనకోడలు గ్లవ్స్ విప్పకుండా ఆ మూలనే నిలబడి ఉంది.

"మామయ్యా," అంది, "తొమ్మిది ఎప్పుడంటారు?"